సింగపూర్ యూనివర్సల్‌కి చిన్నపిల్లలతో వెళ్తున్నారా? ముందు చెప్పుల్లేకుండా ఎత్తు కొలవండి

మీరు అడిగింది ఇది: పిల్లలకు నాలుగేళ్ళు, ఏడేళ్ళు, వేసవి సెలవుల్లో సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ అనే థీమ్ పార్కుకి వెళ్దామనుకుంటున్నారు, చిన్నవాడికి ఏమీ గుర్తుండదు, డబ్బు దండగ, పెద్దయ్యాక వెళ్ళండి అని అందరూ అంటున్నారు, నిజమేనా అని.

ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. 2025 మే నెలలో మేం బయల్దేరేటప్పుడు ఇవే మాటలు విన్నాం. పాపకి ఎనిమిదేళ్ళు, చిన్నోడికి నాలుగు నిండి రెండు నెలలు, మా అత్తయ్యకి అరవై మూడు. ఈ ముగ్గురినీ వెంటేసుకుని వెళ్తున్నామంటే చుట్టాల్లో సగం మంది "వాడికేం తెలుస్తుంది" అన్నారు, మిగతా సగం "పెద్దావిడ అంత నడవగలదా" అన్నారు. వెళ్ళండి. ఇద్దర్నీ తీసుకెళ్ళండి, వీలైతే నానమ్మనో అమ్మమ్మనో కూడా తీసుకెళ్ళండి. అరవై దాటినవాళ్ళకి టికెట్ కూడా తక్కువే. కానీ బయల్దేరే ముందు మీ నాలుగేళ్ళవాడి ఎత్తు కొలవండి, చెప్పుల్లేకుండా కొలవండి. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో మా వాడి సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మా వాడి దగ్గర ఒక పసుపుపచ్చ కారు ఉంది, మడతలు విప్పితే రోబో అవుతుంది. పడుకునేటప్పుడు కూడా చేతిలో ఉండాల్సిందే. ఒక చక్రం ఊడిపోతే వాళ్ళ నాన్న రబ్బరు బ్యాండు వేసి కట్టారు, అయినా అదే కావాలి. యూనివర్సల్‌లో అలా కార్లు రోబోలయ్యే ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా రైడ్ ఉందనీ, దానికి 102 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలనీ మాకు తెలుసు. అందుకే ఏప్రిల్‌లో ఒకరోజు సాయంత్రం వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, టేపు పెట్టి చూశాం. 103 వచ్చింది. ఇంకేముంది, "నువ్వు ఎక్కొచ్చు నాన్నా" అనేశాం. వాడు అప్పుడే స్కూలు నుంచి వచ్చాడు, బూట్లతోనే నిలబడ్డాడు, ఆ సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు. ఆ రోజు నుంచి ఎవరు ఇంటికొచ్చినా ఆ గీత దగ్గరికి తీసుకెళ్ళి చూపించడమే వాడి పని. నెల రోజులు అదే.

సింగపూర్‌లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కదా, తడిసినా ఆరిపోతాయని ఆ రోజు పొద్దున వాడికి పలచటి రబ్బరు చెప్పులు వేశాను. రైడ్ లైను మొదట్లోనే కొలబద్ద ఉంటుంది. అక్కడున్న అమ్మాయి వాణ్ణి నిలబెట్టింది. వాడు ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి, సైనికుడిలా నిలబడ్డాడు. ఆ అమ్మాయి గడ్డం కొంచెం దించమని సైగ చేసి మళ్ళీ చూసింది. గీత వాడి తలకు వేలి మందం పైన ఉండిపోయింది. దువ్వినా అణగని ఆ నాలుగు వెంట్రుకలు మాత్రం గీతకు తగులుతున్నాయి. వాడు నా వైపు తిరిగి "జుట్టు లెక్క రాదా అమ్మా?" అన్నాడు.

మా ఆయన ఆ అమ్మాయితో ఒక్క సెంటీమీటరే కదా, పొద్దున్నే లేచి వచ్చాం కదా అని మాట్లాడబోయారు. ఆ అమ్మాయి ఆయనతో ఏమీ అనకుండా మోకాళ్ళ మీద కూర్చుని వాడితో మెల్లగా ఏదో చెప్పింది. తను చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. సీటులో మనల్ని పట్టి ఉంచే ఆ బారు ఒక కొలత ఒంటికి సరిపోయేలా చేసి ఉంటుంది, అంతకన్నా చిన్న ఒళ్ళైతే కుదుపుకి కిందికి జారిపోతుంది. ఇది తెలిసి కూడా పిల్లల చెప్పుల్లో ఏదో దోపండి, మందం సోలున్న బూట్లు వెయ్యండి, కొలిచేటప్పుడు మడమ లేపమనండి అని వీడియోల్లో చిట్కాలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి పిల్లల ప్రాణంతో ఆడుకుంటున్నారండీ?

తప్పు మాదే. బూట్లతో కొలిచాం, ఆ పైన మాటిచ్చాం.

వాడు గోల చెయ్యలేదు, చేసినా బాగుండేదేమో. చేతిలో ఉన్న ఆ పసుపు కారుని నా బ్యాగులో పెట్టి, తనే జిప్పు లాగాడు. అంతే. మా పాప పక్కన నిలబడి "నేను కూడా ఎక్కను" అంది, దాని కళ్ళల్లో మాత్రం ఎక్కాలనే ఉంది. వాళ్ళ నాన్నతో పంపించేశాను. మీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళూ ఎక్కాలనుకుంటే ఒకరు చిన్నపిల్లాడితో బయట ఆగి, ఇంకొకరు వచ్చాక మళ్ళీ మొత్తం లైను కట్టకుండా ఎక్కే ఏర్పాటు ఉంటుంది, మొదట్లోనే అక్కడి స్టాఫ్‌ని అడగండి, మనవాళ్ళు చాలామంది అడగరు. నాకైతే అప్పుడు ఎక్కాలనిపించలేదు.

మా అత్తయ్య వాణ్ణి సముదాయించలేదు. "పోనీలే, ఐస్‌క్రీం కొంటాను" లాంటివేమీ అనలేదు. బెంచీ మీద పక్కన కూర్చుని, కొన్న ఆలూ వేపుడు ముక్కల పొట్లం మధ్యలో పెట్టుకుని తను తింటూ ఉంది. కాసేపటికి ఒక పిట్ట వచ్చింది. రెండడుగులు వేస్తుంది, ఆగి తల పక్కకు వంచి చూస్తుంది, మళ్ళీ రెండడుగులు. అచ్చం మన గోరింక నడక. కానీ ఒళ్ళంతా నల్లగా ఉంది, కాళ్ళూ ముక్కూ పసుపు, ముక్కు మొదట్లో చిన్న కుచ్చులా ఈకలు నిక్కి ఉన్నాయి. మన గోరింకకు కంటి చుట్టూ ఉండే పసుపు మచ్చ దీనికి లేదు. అత్తయ్య వాడి వైపు చూడకుండానే "ఇది గోరింకేనంటావా, కాదంటావా?" అంది. వాడు చాలాసేపు చూశాడు. "కన్ను వేరే" అన్నాడు. తర్వాత "కానీ నడక గోరింకదే" అన్నాడు. ఇంకోటి వచ్చింది, ఇంకో నాలుగు వచ్చాయి. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లపట్టీ కనపడుతుంది, మన గోరింకకు ఉన్నట్టే. పక్క టేబుల్ వాళ్ళు లేవగానే ఒకటి ప్లేటులోకి దిగి తనకన్నా పొడుగైన ముక్కని లాక్కుపోయింది, వాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అవి జావా మైనాలట, ఆ ఊరంతా అవే, మాకు తర్వాత తెలిసింది. ఆ దేశంలో అడవి పక్షులకు తిండి వెయ్యడం చట్టరీత్యా నేరం, కాబట్టి మీ పిల్లలు వెయ్యబోతే ఆపండి. మా వాడు చూస్తూనే కూర్చున్నాడు. "దీనికి వీసా తీసుకున్నారా నానమ్మా?" అని అడిగాడు. పాపం, నెల రోజులుగా ఇంట్లో వాడి ఫొటో, వాడి ఫారం, వాడి వీసా అనే మాటలే కదా.

ఇప్పటికీ సింగపూర్‌లో ఏం చూశావురా అంటే ముందు గోరింకలే చెప్తాడు. ఆ తర్వాతే రైలు, యూనివర్సల్ ఉన్న సెంటోసా దీవికి వెళ్ళే మోనోరైలు. వివో సిటీ మాల్ మూడో అంతస్తులో ఎక్కాం. మా వైజాగ్ కైలాసగిరి కొండ మీది రైలుకన్నా స్పీడు, కానీ కొండ లేదు అని తీర్పు చెప్పాడు.

గుర్తుండదు అనే మాట సంగతి చెప్తాను. నాకు ఐదేళ్ళప్పుడు మా నాన్న హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఏమేం చూశానో ఒక్కటీ గుర్తులేదు, ఆయన భుజం మీద కూర్చుంటే చేతికి తగిలిన మఫ్లరు గరుకు మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. ఆ వయసు పిల్లలకి రైడ్‌లు గుర్తుండవు, ఎవరి పక్కన కూర్చున్నారో అది గుర్తుంటుంది, ఇది నేను ఖచ్చితంగా చెప్తాను. అందుకే ఎన్ని ఎక్కాం అనే లెక్క పెట్టుకోకండి.

ఆ లెక్క మనకి నేర్పేది ప్యాకేజీలు. మా ఏజెంటు మొదట ఇచ్చిన కాగితంలో ఎలా ఉందంటే, రాత్రి వైజాగ్‌లో ఫ్లైట్ ఎక్కుతాం, తెల్లారేసరికి సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగుతాం, సామాను హోటల్లో పడేసి నేరుగా యూనివర్సల్, అదే రాత్రి నైట్ సఫారీ, అంటే రాత్రిపూట చూసే జూ. సెంటోసా దక్షిణం కొస, నైట్ సఫారీ ఉన్న మండాయి ఉత్తరాన. రాత్రి నిద్రలేని నాలుగేళ్ళవాణ్ణి ఒకే రోజులో ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పాలట! పోట్లాడితే యూనివర్సల్‌ని మూడో రోజుకి మార్చారు, నైట్ సఫారీ మాత్రం మళ్ళీ ఆ సాయంత్రానికే పెట్టారు, టికెట్లు కొనేశాం, మార్చడం కుదరదన్నారు. ఈ కాగితాలు రాసేవాళ్ళు ఒక్కసారి చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని అరపూట నడవాలి, అప్పుడు తెలుస్తుంది.

యూనివర్సల్‌లో ఆ రోజు మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. మెరుపులుంటే బయట తిరిగే రైడ్‌లు ఆపేస్తారు, అది అక్కడ మామూలు విషయమే, భూమధ్యరేఖకి అంత దగ్గరున్న ఊరు. పార్కు గేటు దగ్గర హాలీవుడ్‌లా కట్టిన వీధి మీద పెద్ద పైకప్పు ఉంది, దాని కిందికి చేరాం. వాన తగ్గాక న్యూయార్క్ వీధిలో సెసమీ స్ట్రీట్ బొమ్మల రైడ్ లోపలే ఉంటుంది కాబట్టి దానికి వెళ్ళాం, వాడు రెండుసార్లు ఎక్కాడు, కేరింతలు. 2025 ఫిబ్రవరిలో తెరిచిన మినియన్ ల్యాండ్ కూడా చిన్నపిల్లలకి బాగుంటుంది. వాటర్‌వరల్డ్ షో మాత్రం నాలుగేళ్ళవాళ్ళకి జాగ్రత్త, పేలుళ్ళు, మంటలు, గోడ మీదనుంచి విమానం దూసుకొస్తుంది, మా పాప ఎగిరి గంతేసింది, వాడు నా కొంగులో దూరాడు.

నాలుగింటికి పోదాం అన్నాను. మా ఆయన "ఇంకా సగం కూడా చూడలేదు, టికెట్ ఎంతో తెలుసా" అన్నారు. అంతలో వాడు పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండిలోనే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, ఒక చెప్పు జారిపోయి. ఈ బండి అద్దెకి తీసుకోవడం గురించి కూడా పొద్దున వాదనే, నాలుగేళ్ళవాడికి బండేమిటి, ఎత్తుకుందాంలే అన్నారు. తీసుకోండి, మొహమాటపడకండి. ఆ చెప్పు తీసి వాడి కాలికి తొడిగి ఆయన ఇంకేమీ అనలేదు. నైట్ సఫారీ టికెట్లు వదిలేశాం. ఐదుగురి టికెట్లు! ఆ డబ్బు తలచుకుంటే బాధగానే ఉంది, కానీ ఆ రాత్రి లిటిల్ ఇండియాలో అరటాకు మీద పెరుగన్నం తిని, పిల్లలిద్దరూ నానమ్మ చెరో పక్కన చేరి నవ్వుకుంటుంటే, సఫారీకి వెళ్ళి ఉంటే ఏడుపులే మిగిలేవని నాకు బాగా తెలుసు.

ఇంకొన్ని చెప్తాను. టైము మనకన్నా అక్కడ రెండున్నర గంటలు ముందు. పార్కు పదింటికి తెరిస్తే పిల్లల ఒంటికి అది ఏడున్నరే, అందుకే మొదటి రెండు రోజులు పెట్టుకోకండి. అక్కడి బడులకు జూన్‌లో నెల రోజుల సెలవులు, మీరు మేలోనే వెళ్తే జనం తక్కువ, మే మొదటి వారంలో మాత్రం చైనా వాళ్ళకి సెలవులుంటాయి. వీసా ఎంబసీ గుర్తించిన ఏజెంట్ల ద్వారానే వెయ్యాలి, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఆపైన ఏజెంటు ఎంత తీసుకుంటాడో ముందే అడగండి. దిగే ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, పిల్లలకి కూడా విడిగా. దానికి డబ్బు కట్టక్కర్లేదు, కట్టమని అడిగే సైట్ల జోలికి పోకండి. బయట చెమట, లోపలికి వెళ్తే ఏసీకి వణుకు, పిల్లలకి ఒక పలచటి స్వెటర్ బ్యాగులో ఉంచండి. చుట్టాలిచ్చిన చాక్లెట్ల లిస్టు, సెంట్ల లిస్టు ఇంట్లోనే మరిచిపోండి, ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపులో సగం రోజు దానికే పోతుంది.

మీ పెద్దపిల్ల ఎత్తు ఎంతో చెప్తే ఏమేం ఎక్కనిస్తారో చెప్తాను. మమ్మీ రైడ్‌కి 122 ఉండాలి, జురాసిక్ పార్క్ నీళ్ళ రైడ్‌కి 107. మీ చిన్నవాడికి చెప్పుల్లేకుండా 102 రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్స్ పేరు ఇప్పుడే వాడి ముందు ఎత్తకండి.