నల్ల శుక్లం దగ్గర మెషిన్ పట్టుదల వద్దు

అమ్మాయీ, ఆశీస్సులు.

నల్ల శుక్లానికి ఏ ఆపరేషన్ చెయ్యాలని ఫోన్లో అడిగావుగా, సూటిగా చెబుతున్నాను. బాగా ముదిరి నల్లబడిన శుక్లానికి, చెయ్యి కుదురుకునేదాకా ఫేకో జోలికి, అంటే మెషిన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే పద్ధతి జోలికి పోకు. ఎస్ఐసీఎస్ చెయ్యి, అంటే కోతలోంచి శుక్లాన్ని మొత్తంగా చేత్తోనే తీసే పద్ధతి. అది క్యాంపు ఆపరేషన్ అని నీ బ్యాచ్ వాళ్లు చిన్నచూపు చూస్తారు. చూడనీ.

అంత గట్టి న్యూక్లియస్‌ను, అంటే శుక్లం నడిమి భాగాన్ని, ముక్కలు చేయాలంటే అల్ట్రాసౌండ్ చాలాసేపు వాడాలి. ఆ దెబ్బ కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) లోపలి కణాల వరుస, ఎండోథీలియం మీద పడుతుంది. పోయిన కణాలు మళ్లీ పుట్టవు, పెద్దవయసులో అవి ముందే తగ్గి ఉంటాయి. ఆ కణాలు లెక్కపెట్టే స్పెక్యులర్ పరీక్ష చేయించు. చదరపు మిల్లీమీటరుకు 1000 లోపు ఉంటే కార్నియా మబ్బు పట్టొచ్చని ఇంట్లోవాళ్లకు ఆపరేషన్‌కు ముందే చెప్పు. తర్వాత చెబితే సాకులా వినబడుతుంది.

రెటీనా కనబడదు కాబట్టి బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్ స్కాన్) తప్పదు. టార్చి వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో పేషెంట్ చెప్పగలగాలి. కనుపాప అంచున తెల్లటి పొట్టు కనిపిస్తే జోన్యూల్స్ (లెన్స్‌ను పట్టి ఉంచే దారాలు) బలహీనమని అనుమానించు. ఆపరేషన్‌లో కనుపాపను వదులు చేసే ప్రోస్టేట్ మందు ట్యామ్సులోసిన్ వాడుతున్నారేమో అడుగు. కిడ్నీ రాళ్లకు ఆడవాళ్లకూ రాస్తున్నారు, వాళ్లనీ అడగాలి.

క్యాప్సూల్‌కు, అంటే లెన్స్ సంచికి, రంగు పట్టించే ట్రిపాన్ బ్లూ లేకుండా మొదలుపెట్టకు. రెడ్ గ్లో (కంటి వెనక నుంచి వచ్చే ఎర్రటి మెరుపు) ఉండదు, క్యాప్సూల్ అంచు కనబడదు. రెక్సిస్ (క్యాప్సూల్ ముందు వైపు తెరిచే గుండ్రటి రంధ్రం) పెద్దదిగా రావాలి. చిన్నదైతే రిలాక్సింగ్ కోతలు పెట్టు, అంతేగానీ న్యూక్లియస్‌ను బలవంతంగా పైకి తేకు. హైడ్రో, అంటే శుక్లాన్ని క్యాప్సూల్ నుంచి విడదీసే ద్రవం, కొంచెం కొంచెంగా ఇవ్వు. ఒక్కసారిగా తోస్తే వెనక క్యాప్సూల్ చిట్లి న్యూక్లియస్ కంటి వెనకున్న జెల్లీ, విట్రియస్‌లోకి జారుతుంది.

అందరూ తడబడేది టన్నెల్ (న్యూక్లియస్ బయటికి వచ్చే కోత) దగ్గర. మామూలు శుక్లానికి 6 మిల్లీమీటర్లు చాలేమో, దీనికి 7, ఒక్కోసారి 8 కావాలి. ఇది రాయి, దారికి తగ్గట్టు ఒదగదు. ఇరుకులోంచి లాగితే కార్నియాకు రాసుకుంటూ వస్తుంది. అప్పుడు ఫేకో మానుకుని నువ్వు కాపాడిందేమీ ఉండదు! న్యూక్లియస్ పైనా కిందా విస్కో (కార్నియాను కాపాడే జెల్) ధారాళంగా నింపు, ఖర్చు గురించి స్టోర్ వాళ్లతో నేను మాట్లాడతాను. చివర్లో టన్నెల్ కారుతుంటే కుట్టు వెయ్యి. కుట్టు లేని ఆపరేషనని బోర్డు మీద రాశాం కదా అని ఆగకు.

పేషెంట్ కొడుకులు “లేజర్ ఆపరేషన్ చేయండి, డబ్బు ఎంతైనా పర్వాలేదు” అంటారు. కోత పెద్దది కాబట్టి కొంత సిలిండర్ పవర్ రావచ్చనీ, అద్దాలతో సరిపోతుందనీ, ఈ కంటికి ఇదే క్షేమమనీ చెప్పు. చాలామంది ఒప్పుకుంటారు.

మర్నాడు కార్నియాలో కాస్త వాపుంటే కంగారు పడకు, కంటి ప్రెషర్ మాత్రం చూడు. మొదటి కేసు పెట్టుకునే ముందు రోజు స్కాన్ నాకు పంపు.