‘నరం’ అన్న మాట దగ్గర ఆగు

హైదరాబాద్

చెల్లెమ్మకు,

పిల్లల్లో సెప్సిస్ మీద, అంటే ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. ‘తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో నరాలు కూడా కణజాలాన్ని దెబ్బతీస్తాయి’ అని రాశావు. తప్పేం లేదు. కానీ మన పాఠకులు నరం అని దేన్ని అంటారో ఆలోచించావా?

మొన్న మెహిదీపట్నం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెబుతోంది: “పోరనికి ఒళ్లు కాల్తుంది, కాళ్లేమో ఐసు లెక్క అయినయ్. సెలైన్ పెడ్దామంటే నరం దొర్కుతలేదంట.” ఆ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. ఆమె నరం అన్నది రక్తనాళాన్ని. అది దొరక్కుండా చేసేవాటిలో నువ్వు రాసిన అసలు నరాలూ, అంటే మెదడు సంకేతాలను మోసేవీ, ఉన్నాయి. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకితే, గుండెకీ మెదడుకీ రక్తం తగ్గకూడదని మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు నార్‌అడ్రినలిన్ అనే రసాయనం వదిలి చర్మం, పేగులు, కిడ్నీల నాళాలను బిగిస్తాయి. అందుకే చాలామంది పిల్లల్లో బీపీ చివరిదాకా బాగానే కనిపిస్తుంది. ఆ బిగింపు సడలకపోతే మూత్రం తగ్గిపోతుంది, ఒక్కోసారి రక్తం అందక వేళ్లు నల్లబడతాయి. ఇంత సంగతిని ఒక్క వాక్యంలో కుక్కేశావు. దీనికి పేజీ ఇచ్చినా తక్కువే.

అలాగని నరాలను విలన్ చెయ్యకు. మెదడు నుంచి గుండె, పేగులదాకా వెళ్లే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ తగ్గుతుందని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ ట్రేసీ బృందం 2000లో చూపించింది. అది ఎలుకల్లో. ఆ మాట మాత్రం వదిలెయ్యకు, బిడ్డ ఐసీయూలో ఉన్న తల్లికి లేనిపోని ఆశ పెట్టినవాళ్లమవుతాం.

బిడ్డ ఛాతీ మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి 2 సెకన్లలో రంగు తిరిగి రావాలని రాశావు చూడు, అది చాలా బాగుంది. 3 దాటితే అనుమానించాలని కూడా చేర్చు. మామూలు చలిజ్వరంలోనూ కాళ్లు చల్లబడతాయి. కాబట్టి మగతగా పడి ఉండటం, ఎగశ్వాస, మూత్రం రాకపోవడం కూడా రాసి, ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పు. ఇదంతా నీ వ్యాసంలో ఆఖరి పేరాలో ఉంది. మొదటికి తీసుకురా. ఆ పెద్దమ్మ ఇంట్లోవాళ్లకు అక్కడిదాకా చదివే టైమ్ ఉండదు.

అక్క