నమ్మని దొంగ చస్తే ఎక్కడికి?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర అయి కథ నడిపే ఆటలో నా పాత్ర ఒక దొంగ. ఏ దేవుణ్నీ నమ్మడు. చస్తే వాణ్ని గోడలో పెట్టేస్తారని మా డీఎం (ఆట నడిపించేవాడు) బెదిరిస్తున్నాడు. నిజమేనా?

జవాబు: ఊరికే బెదిరించడం లేదండీ. మీరు ఆడేది ఆ ఆటలోని ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకమైతే, చచ్చినవాళ్లంతా ముందు ఫ్యూగ్ ప్లేన్ అనే మైదానం చేరతారు. భక్తులను వాళ్ల దేవుళ్ల దూతలు వచ్చి తీసుకెళ్తారు. మిగిలినవాళ్లకు తీర్పు చెప్పేది ఇప్పటి మృత్యుదేవుడు కెలెంవోర్. నమ్మిన దేవుణ్ని మోసం చేసినవాళ్లకు అక్కడి నగరంలోనే శిక్ష. అసలు ఎవరినీ కొలవనివాళ్లను ఆ నగరం గోడలో ఇటుకల్లా పేర్చేస్తారు. వాళ్లను పట్టి ఉంచేది పచ్చటి బూజు. అందులో ఆత్మ మెల్లగా కరిగిపోతుంది. బతికినన్నాళ్లూ ఎంత మంచి చేశారన్నది ఎవరికీ పట్టదు! నాకైతే ఒళ్లు మండుతుంది. ఆ గోడ కట్టించింది క్రూరుడైన పాత మృత్యుదేవుడు మిర్కుల్ అని తెలిశాక ఆశ్చర్యం మాత్రం పోయింది.

2007లో వచ్చిన మాస్క్ ఆఫ్ ద బిట్రేయర్ వీడియో గేమ్ కథంతా ఈ గోడ చుట్టూనే తిరుగుతుంది. ఈ లోకం గురించి 2015లో వచ్చిన స్వోర్డ్ కోస్ట్ గైడ్ అనే ఆట పుస్తకంలో ఉన్న గోడ ప్రస్తావనను 2020 సవరణల్లో తీసేశారు. మీ డీఎంకు అది చూపించండి. అయినా వినకపోతే, దొంగల దేవుడు మాస్క్‌కు అప్పుడప్పుడూ ఓ దండం పెట్టించండి. కొట్టేసిన సొమ్ములో వాటా కూడా ఇస్తే ఇంకా మంచిది.