మీరడిగారు: యోహాను, జాన్, జాకీ, జాకెట్టు... ఈసారి అంతా జె గోలే

ప్రశ్న: మా తాత పేరు యోహాను, నా పేరు జాన్. రెండూ ఒకటే పేరు అంటారు మా పాస్టరు గారు. య ఎక్కడ, జ ఎక్కడ? అసలు అర్థం ఏంటండీ?
- గుంటూరు నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: పాస్టరు గారు చెప్పింది కరెక్టే బాబూ, ఇంకా మాట్లాడితే అసలు పలుకుబడికి దగ్గరగా ఉన్నది మీ తాత పేరే. హీబ్రూలో అది యోహానాన్, దేవుడు దయ చూపాడు అని అర్థం. అది గ్రీకులోకి, లాటిన్ లోకి వెళ్ళినా య అలాగే ఉంది, ఫ్రెంచి వాళ్ళ నోట్లో పడ్డాక మాత్రం ఆ య కాస్తా జ అయిపోయింది, 1066లో నార్మన్లు ఇంగ్లాండుని గెలిచి కూర్చున్నాక వాళ్ళ పలుకుబడి ఇంగ్లీషుకీ అంటుకుంది. జర్మన్లు ఇప్పటికీ జె రాసి య అనే చదువుతారు. స్పెయిన్ లో ఇదే పేరు హువాన్, రష్యాలో ఇవాన్. మన తెలుగు బైబిల్ మాత్రం ఇంగ్లీషు దారి పట్టలేదు కాబట్టి జోసెఫ్ మనకి యోసేపు, జోనాథన్ యోనాతాను, జెరూసలేం యెరూషలేము.

ఇంకో తమాషా ఏంటంటే అసలు జె అనేదే లేటుగా వచ్చిన అక్షరం. ఐ అక్షరానికే కింద తోక లాగి రాసేవాళ్ళు, అంతే. ఇటలీలో త్రిస్సినో అనే పండితుడు ఈ రెండూ వేరు వేరు అని 1524లో చెప్పాడు గానీ విన్నదెవరు, 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ లో జీసస్ పేరు ఐ తోనే ఉంటుంది, ఆఖరికి రాజుగారి సొంత పేరు కూడా అంతే! 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన డిక్షనరీలో కూడా ఐ మాటలూ జె మాటలూ ఒకే వరసలో కలిపేసి ఉంటాయి. తన ఇంటి పేరు జె తో మొదలయ్యే మనిషి చేసిన పని అది.

అర్థాలు అడిగారు కదా. యోనాతాను అంటే దేవుడు ఇచ్చాడు అని, మన దేవదత్తుడే అనుకోండి. యోసేపు అంటే ఇంకా చేర్చుగాక అని, ఇంకో బిడ్డ కావాలని తల్లి పెట్టుకున్న పేరు. యాకోబు కవలల్లో రెండోవాడు, అన్న మడమ పట్టుకుని పుట్టాడట, పేరూ అదే. ఇంగ్లీషులో ఇక్కడ పెద్ద కన్ఫ్యూజన్ ఉంది, పాత నిబంధనలో జాకబ్ అంటారు, కొత్త నిబంధనలో అదే పేరుని జేమ్స్ అంటారు, మనకి రెండు చోట్లా యాకోబే, హాయిగా. జేమ్స్ ముద్దుపేరు జిమ్మీ, దాన్ని మనం ఎవరికి పెడతామో వీధిలోకి వచ్చి పిలిస్తే తెలుస్తుంది, తోక ఊపుకుంటూ వస్తుంది.

ప్రశ్న: కారు ఎత్తే జాకీ, పేకలో జాకీ, జాక్‌ఫ్రూట్, జాకాల్, జాకెట్టు... వీటన్నిట్లో ఉన్న జాక్ ఒకడేనా?
- వరంగల్ నుంచి ఒక మెకానిక్

జవాబు: సగం మందే ఒకడు అన్నా! జాక్ అనేది జాన్ కి ముద్దుపేరు. ఒకప్పుడు ఇంగ్లాండులో ఎంతమందికి ఆ పేరు ఉండేదంటే, పనివాడు ఎవడైనా జాకే. తర్వాత పనివాడి బదులు బరువు మోసే పరికరానికీ అదే పేరు తగిలించారు. స్కాట్లాండులో జాక్ ని జోక్ అంటారు, దాన్నుంచి వచ్చిందే గుర్రం తోలే జాకీ, మనం మాత్రం షెడ్డులో పరికరాన్ని జాకీ అనేస్తాం, ఇంటి పేరు తప్పలేదు లెండి. పేకముక్క సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని నేవ్ (knave), అంటే పనివాడు, అనేవాళ్ళు, ఆ మాట రాతలో కె తో మొదలవుతుంది, ముక్క మూలల్లో అక్షరాలు వేయడం మొదలుపెట్టాక కింగ్ తో కలిసిపోయి గందరగోళం అయ్యి జె కి మారారు. జాకెట్టు ఫ్రెంచి మాట, అక్కడి రైతుల్ని ఝాక్ అని పిలిచేవాళ్ళు, వాళ్ళు వేసుకునే పొట్టి చొక్కా పేరట, కాకపోతే ఆ ఝాక్ మన జాన్ కాదు, జేమ్స్!

ఇక పనసకీ నక్కకీ ఏ జాక్ తోనూ సంబంధం లేదు. పనసని మలయాళంలో చక్క అంటారు, పోర్చుగీసు వాళ్ళు దాన్ని జాకా చేశారు, ఇంగ్లీషు వాళ్ళు వెనకాల ఫ్రూట్ కలిపారు. జాగరీ కూడా అదే పడవ ఎక్కింది, మన చక్కెరకి చుట్టమే, ఆ మాట తిరిగి తిరిగి వచ్చేసరికి బెల్లం అయింది. జాకాల్ అయితే మన సంస్కృతం శృగాలమే, పర్షియా, టర్కీ మీదుగా వెళ్ళింది.

ప్రశ్న: జంగిల్ మన మాటేనా సార్?
- ఆదిలాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మనదే. కానీ సంస్కృతంలో జాంగలం అంటే నీళ్ళు తక్కువున్న ఎండు నేల. ఆయుర్వేదంలో జాంగల దేశం అంటే ఇప్పటికీ అదే అర్థం. హిందీలో అడవి అయింది, ఇంగ్లీషులోకి వెళ్ళి తడిసి ముద్దయిన కీకారణ్యం అయింది.

ప్రశ్న: మా పాపది శ్రవణా నక్షత్రం, జూ జే జో ఖ వచ్చాయి. జాస్మిన్, జెన్నిఫర్ లాంటివి అర్థం బాగుంటే పెడదామని మావారు అంటున్నారు. ఇక్కడా అక్కడా పనికొచ్చే పేరు చెప్పండి.
- డాలస్ నుంచి ఒక అమ్మ

జవాబు: జాస్మిన్ పర్షియన్ యాసమీన్, మళ్ళీ య నే చూడండి. జాజి అని పెట్టుకోవచ్చు కానీ జా ఉత్తరాషాఢకి వెళ్ళిపోతుంది తల్లీ. జెన్నిఫర్ బ్రిటన్ లోని కార్న్‌వాల్ వైపు పేరు, ఆర్థర్ రాజు భార్య గ్వెనివర్ పేరే అది, అందులో తెలుపు అనే అర్థం ఉంది. నన్నడిగితే జోషిత బాగుంటుంది. సంస్కృతంలో యోషిత అంటే స్త్రీ, జోషిత దానికే ఇంకో రూపం. కాకపోతే అక్కడి స్కూల్లో జోష్ అని కుదించేస్తారేమో, అది వాళ్ళకి మగపిల్లాడి పేరు, జాషువాకి ముద్దుపేరు, మన గుర్రం జాషువా గారి పేరే. కాబట్టి ముందే జోషీ అని అలవాటు చేసేయండి.