రీడ్స్ ఎవరు తింటున్నారో ముందు పట్టుకో

చిన్నా,

యాప్ వాడేది నువ్వొక్కడివే, అయినా దాని డేటా ఉండే గూగుల్ డేటాబేస్ ఫైర్‌స్టోర్ రోజుకి ఉచితంగా ఇచ్చే 50,000 రీడ్స్ (డేటా చదివిన లెక్క) అయిపోతున్నాయని రాశావు. ఎవరో హ్యాక్ చేశారేమోనన్న టెన్షన్ పక్కన పెట్టు, చాలావరకు ఇది మన కోడ్ పనే అయి ఉంటుంది.

ఫైర్‌స్టోర్ లెక్కపెట్టేది నువ్వు ఎన్నిసార్లు అడిగావని కాదు, ఎన్ని డాక్యుమెంట్లు, అంటే రికార్డులు, వచ్చాయని. 800 డాక్యుమెంట్లున్న కలెక్షన్‌ని లిమిట్ లేకుండా అడిగితే ఒక్కసారికే 800 రీడ్స్. వెబ్‌లో ఆఫ్‌లైన్ కాష్ (వచ్చిన డేటాని బ్రౌజర్‌లోనే దాచుకోవడం) మనం ఆన్ చేస్తే తప్ప ఉండదు, కాబట్టి కోడ్ సేవ్ చేసి పేజీ రీలోడ్ అయినప్పుడల్లా ఆ 800 మళ్లీ మొదటి నుంచి పడతాయి. అరవై సార్లు రీలోడ్ అయితే 48,000, అది ఒక పూట పనిలో అయిపోతుంది.

ఇంతకంటే ప్రమాదం ఇంకొకటుంది, నేను ముందు అనుమానించేది దాన్నే. నువ్వు రాసేది రియాక్ట్ కదా, పేజీ గీసిన తర్వాత డేటా తెచ్చే కోడ్ పెట్టే యూజ్‌ఎఫెక్ట్ చివర డిపెండెన్సీల అరే (ఏవి మారితే ఆ కోడ్ మళ్లీ నడవాలో చెప్పే జాబితా) పెట్టావా లేదా చూడు. అది లేకపోతే డేటా రాగానే స్టేట్ (పేజీ గుర్తుపెట్టుకునే డేటా) మారుతుంది, స్టేట్ మారితే మళ్లీ రెండర్, అంటే పేజీని మళ్లీ గీయడం, రెండరైతే మళ్లీ క్వెరీ, అంటే డేటా అడగడం, ఇలా నువ్వు టీ తాగొచ్చేలోపు కోటా మొత్తం ఊడ్చుకుపోతుంది. డేటా మారినప్పుడల్లా కబురందుకునే లిజనర్ అయితే, దాన్ని ఆపే అన్‌సబ్‌స్క్రైబ్ ఫంక్షన్‌ని రిటర్న్ చేయడం కూడా మర్చిపోకు.

ఫైర్‌స్టోర్‌ని చూసుకునే వెబ్‌సైట్ ఫైర్‌బేస్ కన్సోల్‌లో డేటా ట్యాబ్ తెరిచి చూసినా రీడ్సే, చాలామందికి ఇది తెలీదు. ఎవరు ఏ డేటా చూడొచ్చో చెప్పే సెక్యూరిటీ రూల్స్‌లో వేరే డాక్యుమెంట్‌ని చూసి రమ్మన్నా అంతే.

అసలు డెవలప్‌మెంట్‌కి నిజం డేటాబేస్ ఎందుకురా? ఫైర్‌స్టోర్‌కి నకలు లాంటి ఎమ్యులేటర్ పెట్టుకో, అంతా నీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, ఎన్ని రీడ్స్ అయినా పైసా పడదు. కోటా చాలట్లేదని కార్డు ఇచ్చి, వాడినంతకు డబ్బు కట్టే బ్లేజ్ ప్లాన్‌కి మాత్రం ఇప్పుడే మారకు. అక్కడ బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుందే గానీ ఖర్చుని ఆపదు.

ఈ రోజు కోటా అయిపోయి ఉంటే అర్ధరాత్రి దాకా మేలుకొని చూడకు, అది కాలిఫోర్నియా అర్ధరాత్రికి రీసెట్ అవుతుంది, అంటే మనకి వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. ఈలోపు ఆ యూజ్‌ఎఫెక్ట్ ఉన్న ఫైల్ నాకు పంపు, నేనూ చూస్తాను.

బాబాయ్