మ్యాథ్స్ మేజరా, మైనరా? ముందు ఒక ప్రూఫ్ కోర్సు చేసి చూడండి

మీ ప్రశ్న ఇది: "స్కూల్లో లెక్కలంటే ఇష్టం, మార్కులూ బాగా వచ్చాయి. డిగ్రీలో మ్యాథ్స్ మేజర్‌గా తీసుకోవాలా, లేక కంప్యూటర్ సైన్స్ మేజర్ చేస్తూ మ్యాథ్స్ మైనర్‌గా పెట్టుకోవాలా?"

నేను మ్యాథ్స్ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా), కంప్యూటర్ సైన్స్ మైనర్‌గా (తోడు సబ్జెక్టుగా) చదివాను. కాబట్టి రెండు వైపులా కొంత చూశాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. స్కూలు మార్కులు చూసుకుని ఈ నిర్ణయం తీసుకోకండి. ప్రూఫ్‌ల మీద నడిచే కోర్సు ఒకటి, రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్ వెనకున్న సిద్ధాంతాన్ని నిరూపిస్తూ చదివేది) గానీ అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా (గ్రూపులు, రింగులు లాంటి నిర్మాణాల చదువు) గానీ, వీలైనంత త్వరగా చేయండి. ఆ కోర్సు మీకెలా అనిపించిందో దాన్నిబట్టి తేల్చుకోండి.

స్కూల్లో లెక్క చేయడమంటే పద్ధతి నేర్చుకుని జవాబు రాబట్టడం. ఇంటిగ్రేషన్ చూడగానే ఏ సబ్‌స్టిట్యూషన్ వేయాలో తడుతుంది, చేయి దానంతట అదే నడుస్తుంది. డిగ్రీ మొదట్లో కాలిక్యులస్ కోర్సులు కూడా చాలావరకు ఇలాగే సాగుతాయి. అసలు మార్పు ఆ తర్వాత వస్తుంది. "విలువ కనుక్కోండి" అనే మాట దాదాపు మాయమైపోయి, "నిరూపించండి, లేదా తప్పని చూపండి" అనేది మొదలవుతుంది. అప్పటిదాకా క్లాసులో ముందున్నవాళ్లు కొందరు ఇక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతారు. అప్పటిదాకా మామూలు మార్కులు తెచ్చుకున్నవాళ్లు కొందరు ఇక్కడే వికసిస్తారు. మా బ్యాచ్‌లో ఈ రెండూ కళ్లారా చూశాను.

మార్పు అంటే ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే నన్ను మ్యాథ్స్‌లో కట్టిపడేసింది ఇదే. ఈ శ్రేణి చూడండి:

1 − 1/2 + 1/3 − 1/4 + 1/5 − 1/6 + …

దీని మొత్తం 2కి సహజ సంవర్గమానం, అంటే సుమారు 0.693. ఇప్పుడు ఇవే పదాలను, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ కొత్తగా చేర్చకుండా, వరుస మాత్రం మార్చి రాద్దాం. ఒక ధన పదం, వెంటనే రెండు రుణ పదాలు:

1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + 1/5 − 1/10 − 1/12 + …

ప్రతి ధన పదాన్నీ దాని పక్కనున్న మొదటి రుణ పదంతో కలపండి. 1 − 1/2 అంటే 1/2. 1/3 − 1/6 అంటే 1/6. 1/5 − 1/10 అంటే 1/10. ఇప్పుడు మిగిలింది ఇది:

1/2 − 1/4 + 1/6 − 1/8 + 1/10 − 1/12 + …

ఇందులో ప్రతి పదం మొదటి శ్రేణిలోని పదానికి సరిగ్గా సగం. అంటే మొత్తం కూడా సగమే, సుమారు 0.347. సంఖ్యలు అవే, కూడిక అదే, వరుస మారిందంతే, మొత్తం మారిపోయింది!

ఇది చదివినప్పుడు మీ మనసులో ఏం జరుగుతోందో గమనించండి. "సరే, మరి ఏ శ్రేణుల్లో వరుస మార్చినా ఫర్వాలేదు, ఎక్కడ కుదరదు? అసలు అనంతంగా పదాలు కూడడం అంటే ఏమిటి?" అని అడగాలనిపిస్తే, రియల్ అనాలిసిస్ మీకోసమే ఉంది. దీనికి జవాబు అందమైనది. గుర్తులన్నీ తీసేసి, అన్నీ ధన పదాలే అనుకుని కూడినా పరిమితమైన మొత్తం వచ్చే శ్రేణుల్లో ఏ వరుసలో కూడినా మొత్తం మారదు. పై శ్రేణిలో గుర్తులు తీసేస్తే మొత్తం అంతూపొంతూ లేకుండా పెరిగిపోతుంది. అలాంటి శ్రేణి గుర్తులతో ఒక మొత్తానికి చేరుతుంటే, వరుస మార్చి దాన్ని మనం కోరుకున్న ఏ సంఖ్యకైనా తేవచ్చు. ఈ సంగతి గణితవేత్త రీమాన్ 1854లో రాసిన వ్యాసంలో ఉంది. ప్రూఫ్ కూడా మొదటి కోర్సు విద్యార్థికి పూర్తిగా అందేదే: లక్ష్యం దాటేదాకా ధన పదాలు కూడండి, కిందికి వచ్చేదాకా రుణ పదాలు కూడండి, మళ్లీ మొదలుపెట్టండి. పదాలు చిన్నవవుతూ పోతాయి కాబట్టి ఆ ఊగిసలాట కూడా తగ్గుతూ పోతుంది.

ఇక్కడే ఇంకో మాట. ఎప్సిలాన్, డెల్టా నిర్వచనాలు ("ఎంత దగ్గరగా కావాలన్నా తేవచ్చు" అనే మాటను కచ్చితంగా చెప్పేవి) చూసి "ఇంత పీకులాట ఎందుకు?" అని చాలామందికి విసుగు వస్తుంది. ఆ పట్టింపు ఊరికే రాలేదు. కోషీ అంతటి గణితవేత్త 1821 నాటి తన పాఠ్యపుస్తకంలో నిరంతర ప్రమేయాలను (గీత గీస్తే ఎక్కడా తెగనివాటిని) కూడుతూ పోతే, ఆ శ్రేణి ఒక మొత్తానికి చేరుతున్నంత వరకు ఆ మొత్తం కూడా నిరంతరమే అని రాశాడు. 1826లో ఆబెల్ ఒక సైన్ శ్రేణిని చూపించి ఇది అన్నిచోట్లా నిలబడదని చెప్పాడు. ఆబెల్ ఉదాహరణ కంటే తేలికైనది మీరే చేసి చూడొచ్చు. 0 నుంచి 1 దాకా ఉన్న సంఖ్యలను వర్గం, ఘనం, నాలుగో ఘాతం అంటూ పెంచుకుంటూ పోండి. 1 కంటే చిన్నది ఏదైనా, 0.999 అయినా సరే, చివరికి సున్నా వైపు జారిపోతుంది. 1 మాత్రం 1గానే ఉంటుంది. ఒక్కో మెట్టులో గీత నున్నగా, తెగకుండా ఉంది. చివరకు చేరేచోట మాత్రం తెగిపోయింది. "యూనిఫార్మ్ కన్వర్జెన్స్" (అన్ని బిందువుల దగ్గరా ఒకేసారి లక్ష్యానికి చేరువవడం) అనే భావన ఇలాంటి చిక్కుల్లోంచే పుట్టింది. ఈ కథ తెలిశాక నాకు ఆ నిర్వచనాల మీద గౌరవం పెరిగింది. ఒక్కో షరతు వెనకా ఎవరో ఎదుర్కొన్న నిజమైన ఇబ్బంది ఉంటుంది.

మేజర్‌గా తీసుకుంటే రోజువారీ చదువు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. పేజీలు నెమ్మదిగా కదులుతాయి. ఒక గంటలో రెండు మూడు పేజీలు నిజంగా అర్థమైతే అది మంచి గంటే. హోంవర్క్‌లో ఐదారు ప్రశ్నలే ఉంటాయి, కానీ ఒక్కోటి సాయంత్రాన్ని మింగేస్తుంది. గంటలకొద్దీ కాగితం మీద ఏమీ కదలకపోవడం ఈ చదువులో మామూలు విషయం. అది తెలివి తక్కువని చెప్పే గుర్తు కాదు, దయచేసి అలా అనుకోకండి. ఆ ఇరుక్కుపోయిన సమయంలో కూడా మీకు ఆ ప్రశ్న మీద ఆసక్తి చావకుండా ఉంటుందా, పక్కన పెట్టి స్నానం చేస్తున్నా దాని గురించే ఆలోచిస్తుంటారా అన్నది చూసుకోండి. నా దృష్టిలో మేజర్ తీసుకోవడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. సిద్ధాంతం చదివాక పుస్తకం మూసేసి ప్రూఫ్ తెల్ల కాగితం మీద సొంతంగా రాయడం. తర్వాత ఒక్కో షరతు తీసేసి చూడడం: ఇది లేకపోతే ప్రూఫ్ ఏ లైన్లో విరుగుతుంది? విరిగినచోట ఒక ప్రతి ఉదాహరణ దొరుకుతుందా? ఇలా చేస్తే పరీక్షల ముందు బట్టీ పట్టాల్సిన పనే ఉండదు. ఇంకోటి, ఒంటరిగా చదవకండి. బోర్డు ముందు నిలబడి తోటివాళ్లకు ప్రూఫ్ చెబుతుంటే, "అది ఎందుకు?" అని వాళ్లు అడిగే ఒక్క ప్రశ్నతో మనకు ఏది అర్థం కాలేదో బయటపడుతుంది. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్ (విద్యార్థుల సందేహాలకు కేటాయించిన సమయం) కూడా దీనికే ఉన్నాయి. మొహమాటపడకుండా వెళ్లండి.

ఇక మైనర్ సంగతి. మైనర్ అంటే తక్కువ రకం అనే భావన కొందరిలో ఉంటుంది, అది తప్పు. మీకు కంప్యూటర్ సైన్స్ మీద అసలైన ఇష్టం ఉండి, దానికి గట్టి పునాది కావాలనుకుంటే మైనర్ చక్కగా సరిపోతుంది. కాకపోతే కోర్సులు జాగ్రత్తగా ఎంచుకోండి. క్రెడిట్ల లెక్క పూర్తి చేయడానికి తేలికైనవి ఏరుకుంటే ఏమీ మిగలదు. లీనియర్ ఆల్జీబ్రా తప్పనిసరి, అదీ మ్యాట్రిక్స్ గుణకారాలతో ఆగిపోయేది కాకుండా వెక్టర్ స్పేస్‌లు, ఐగెన్ విలువలు ప్రూఫ్‌లతో చెప్పేది. మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్తే అడుగడుగునా ఇదే తగులుతుంది. రెండోది ప్రాబబిలిటీ. మూడోదిగా నేనైతే నంబర్ థియరీ (పూర్ణ సంఖ్యల గుణాల అధ్యయనం) చెబుతాను. ప్రధాన సంఖ్యల గురించి గణితవేత్త ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన ఫలితం, దాన్ని ఆయిలర్ విస్తరించిన తీరు, 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌కు (సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతికి) ఆధారమయ్యాయి. క్లాసులో ఆ పాత ఫలితం, ఈ ఎన్‌క్రిప్షన్ కలిసే చోటుకి చేరినప్పుడు కలిగే ఆనందం వేరు. ఫిజిక్స్ మేజర్ చేసేవాళ్లకు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాంప్లెక్స్ అనాలిసిస్ ఎక్కువ పనికొస్తాయి. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ ఆలోచన ఉంటే రియల్ అనాలిసిస్ చేసి ఉండడం మంచిది.

ఉద్యోగాల టెన్షన్ కూడా మీ ప్రశ్న వెనక ఉందనుకుంటాను. మ్యాథ్స్ మేజర్ ఒక ఉద్యోగానికి నేరుగా తయారుచేసే చదువు కాదు, ఈ మాట దాచకూడదు. టీచింగ్, రీసెర్చ్, యాక్చూరియల్ పని (బీమా వంటి రంగాల్లో రిస్క్ లెక్కగట్టడం), ఫైనాన్స్, డేటా, సాఫ్ట్‌వేర్, అన్ని దారులూ ఉన్నాయి, కానీ ప్రతిదానికీ మ్యాథ్స్‌తో పాటు ఇంకోటి నేర్చుకుని ఉండాలి. కనీసం ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ వచ్చి ఉండాలి. నాకు కంప్యూటర్ సైన్స్ మైనర్ ఆ పని చేసిపెట్టింది. యాక్చూరియల్ వైపు వెళ్లేవాళ్లు వృత్తి పరీక్షలు చదువుకునే రోజుల్లోనే మొదలుపెడితే బాగుంటుంది.

కాబట్టి మీ విషయంలో నేను చేయమనేది ఇది. మొదటి ఏడాది కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సు, కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా తీసుకోండి. ఇవి ఏ దారిలో వెళ్లినా వృథా కావు. ఆ వెంటనే, మేజర్ ఖరారు చేయాల్సిన గడువు కంటే ముందు, ఒక ప్రూఫ్ కోర్సు చేయండి. నేరుగా అనాలిసిస్ భయమనిపిస్తే, సెట్లు, లాజిక్, ఇండక్షన్‌తో ప్రూఫ్ రాయడం నేర్పే కోర్సు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి హోంవర్క్ ప్రశ్నల కోసం ఎదురుచూస్తున్నారా, లేక ఎలాగోలా వదిలించుకుంటున్నారా అన్నది మీకే తెలుస్తుంది. ఎదురుచూస్తుంటే మేజర్‌కు రాయండి. లేదంటే ఆ కోర్సు మైనర్‌లో లెక్కకొస్తుందో లేదో చూసుకుని కంప్యూటర్ సైన్స్‌లో కొనసాగండి.