ఒకే పుస్తకం ఆన్‌లైన్‌లో తక్కువకు, నల్లగొండ షాపులో ఎక్కువకు ఎందుకు?

షాపాయన ఎక్కువ వేసుకోవడం వల్ల కాదు. అచ్చు ధర మీద వచ్చే కమీషన్‌లో కొనేవాళ్లకు ఎంత వదలగలరన్న దాంట్లోనే తేడా. ఆన్‌లైన్‌లో పెద్ద అమ్మకందారులు వందల కాపీలు ఒకేసారి ఎత్తుతారు, కమీషన్ ఎక్కువ దొరుకుతుంది. నల్లగొండ షాపుకు హైదరాబాద్ కోఠి నుంచి పదో ఇరవయ్యో వస్తాయి. ట్రాన్స్‌పోర్టు, కిరాయి, కరెంటు అందులోంచే. సిలబస్ మారితే మిగిలిన కాపీలు చాలాసార్లు ఆయన నెత్తినే.

300 రూపాయల గ్రూప్స్ పుస్తకం 30 శాతం కమీషన్‌తో షాపుకు 210కి పడిందనుకుందాం. 10 శాతం తగ్గించి 270కి ఇస్తే మిగిలేది 60. ఆన్‌లైన్‌లో 225 అని కనిపించినా, డెలివరీ 40 కలిస్తే 265. ఐదు రూపాయల కోసం నాలుగు రోజులు ఆగడం మీ ఇష్టం! నాలుగైదు పుస్తకాలు కలిపి తెప్పిస్తే మాత్రం ఆన్‌లైనే చవక.

ఆన్‌లైన్‌లో పన్ను తప్పుతుందని చాలామంది అనుకుంటారు. అచ్చు పుస్తకాలపై జీఎస్టీ ఎక్కడ కొన్నా సున్నాయే.